జపాన్ మంచు పల్లెలకి తక్కువ ఖర్చుతో వెళ్లాలంటే: బొబ్బిలి నుంచి వెళ్లొచ్చిన ముగ్గురి లెక్క

మాది బొబ్బిలి. నేను విజయనగరంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పద్దులు రాస్తాను. రెండేళ్లు జీతంలో మిగిల్చి, మా తమ్ముడు, మా పిన్ని కూతురు, నేను ముగ్గురం జనవరి నెలలో జపాన్ మంచు పల్లెలు చూసి వచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి వీధిలో పిల్లలు "అక్కా, ఎంతయింది? మేమూ వెళ్లొచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. వెళ్లొచ్చు. మనలాంటి జీతగాళ్లూ వెళ్లొచ్చు. కాకపోతే మేం చేసిన తప్పులు మీరు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

నేను డబ్బు లెక్క బాగానే వేశాను, రోజుల లెక్కే తప్పు వేశాను. అక్కడ మాకు అయిన నష్టంలో పెద్ద భాగం దాని వల్లే. రూపాయి దగ్గర ఎంత గట్టిగా ఉన్నా ఫరవాలేదు, రోజుల దగ్గర మాత్రం చెయ్యి కాస్త వదులుగా ఉంచుకోవాలి. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

ముందు మంచు సంగతి

అరకు, లంబసింగి చూసినవాళ్లం కదా, చలంటే తెలుసనుకున్నాం. మనకి తెలిసిన మంచు తెల్లారగట్ల పొలాల మీద కమ్ముకుని, ఎండెక్కేసరికి పోతుంది. అక్కడిది పోదు, పేరుకుంటుంది. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమ పట్టుకుంటుంది. దేశం మధ్యలో వెన్నెముకలా ఉన్న కొండలు తగలగానే ఆ తేమంతా పడమటి వైపు మంచై కురుస్తుంది. అందుకే టోక్యోలో ఎండ కాస్తున్న రోజునే, కొండ అవతల నీగత పల్లెల్లో గోడలెత్తు మంచు ఉంటుంది. ఈయమ రైలు మార్గంలో మొరిమియనొహర అనే చిన్న స్టేషన్ ఉంది. 1945 ఫిబ్రవరి 12న అక్కడ 7.85 మీటర్ల మంచు కొలిచారు. మన రెండంతస్తుల డాబా మునిగిపోయేంత!

కాబట్టి ఫోన్‌లో టోక్యో వాతావరణం చూసి బట్టలు సర్దుకోవద్దు. మీరు వెళ్లే పల్లె పేరు కొట్టి చూడండి.

బట్టల గురించి ఒక్కటే మాట. ఒంటికి ఆనుకునే బట్ట నూలుది వద్దు. మనకి పొందూరు ఖద్దరంటే ప్రాణమే కానీ, నూలు చెమటని పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే చలి పుట్టిస్తుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఉన్ని స్వెట్టర్, పైన గాలీ నీళ్లూ దూరని జాకెట్. స్వెట్టర్లు చలికాలంలో టిబెట్ వాళ్లు రోడ్డు పక్కన అమ్మే దగ్గర కొన్నాం, బాగా పనికొచ్చాయి. సాక్సులు మాత్రం మనిషికి ఆరు జతలు పట్టుకెళ్లండి.

చక్రాల సూట్‌కేసు వద్దే వద్దు. మా చెల్లి అదే తెచ్చింది. మెత్తటి మంచులో చక్రం తిరగదు, బురదలో దిగబడ్డ బండిలా లాక్కుపోవాలి. చివరికి మా తమ్ముడు దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచాడు. వీపుకి తగిలించుకునే బ్యాగే తీసుకోండి, ఎనిమిది కిలోలు దాటకుండా చూసుకోండి.

టికెట్: చవకే, కానీ ఒక మెలిక ఉంది

తక్కువ డబ్బుతో తిరిగేవాళ్లకి అక్కడ సెయ్‌షున్ 18 అనే టికెట్ ఉంది. పేరులో పద్దెనిమిది ఉన్నా వయసుతో పని లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. దేశమంతటా జేఆర్ (జపాన్ రైల్వే) వాళ్ల పాసింజర్ బళ్లు, కాస్త వేగంగా వెళ్లే ర్యాపిడ్ బళ్లు ఎన్నయినా ఎక్కొచ్చు. బుల్లెట్ రైలు, ఎక్స్‌ప్రెస్ బళ్లు ఎక్కనివ్వరు. మేం కొన్నప్పుడు ఐదు రోజులదానికి 12,050 యెన్లు, మూడు రోజులదానికి 10,000 యెన్లు. ఐదు రోజులది తీసుకుంటే రోజుకి 2,410 యెన్లు పడుతుంది. మాకు యెన్ 57 పైసల లెక్కన దొరికింది, అంటే రోజుకి పద్నాలుగు వందల రూపాయల లోపే. ఈ టికెట్ ఏడాది పొడుగునా ఉండదు. చలికాలంలో అయితే డిసెంబర్ రెండో వారం నుంచి ఇంచుమించు జనవరి పదో తేదీ దాకా చెల్లుతుంది. అమ్మకాలు ఇంకా ముందే ఆపేస్తారు, ఏ ఏటి తేదీలు ఆ ఏడు చూసుకోవాలి.

ఇక మెలిక. పాత రోజుల్లో ఈ టికెట్‌ని నచ్చిన ఐదు రోజులు విడివిడిగా వాడుకునేవారు, ఇద్దరు ముగ్గురు కలిసి కూడా వాడుకునేవారు. 2024 చలికాలం నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు మనిషికో టికెట్, వాడకం మొదలుపెట్టాక వరసగా రోజులు లెక్క. మంచు వల్ల బండి ఆగినా ఆ రోజు ఖర్చయిపోయినట్టే. ఇంటర్నెట్‌లో ఇంకా పాత సలహాలే కనిపిస్తాయి, నమ్మొద్దు.

ఇంకో తేదీ సంగతి. డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా అక్కడ కొత్త సంవత్సరం సెలవులు. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్లకి అది అలాగ, అందరూ సొంతూళ్లకి వెళ్లిపోతారు. మేం జనవరి 1న దిగాం. చిన్న చిన్న హోటళ్లన్నీ మూసేసి ఉన్నాయి. మూడు రోజులూ సెవెన్ ఇలెవన్ లాంటి కొట్లలో దొరికే అన్నం ముద్దలే తిన్నాం. మీరు నాలుగో తేదీ దిగేట్టు చూసుకోండి.

విశాఖ నుంచి జపాన్‌కి నేరుగా విమానం లేదు. మేం సింగపూర్‌లో మారాం. వీసా పని రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

పల్లె రైలు ఎక్కడం, ముఖ్యంగా దిగడం

బొబ్బిలి నుంచి సాలూరుకి రైలుబస్సు నడిచిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ రైళ్లు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఒకటి రెండు పెట్టెలు, డ్రైవరు ఒక్కడే, గార్డు ఉండడు. వాళ్లు దాన్ని 'వన్‌మ్యాన్' బండి అంటారు. తలుపులు వాటంతట అవి తెరుచుకోవు. పక్కనే ఉన్న మీట మనమే నొక్కాలి. ఎక్కాక మళ్లీ నొక్కి మూసెయ్యాలి, లేకపోతే లోపలి వెచ్చదనమంతా పోతుంది, ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్లు వణికిపోతారు.

ఈయమ మార్గంలో ఒక పల్లెలో దిగి వేడినీటి స్నానానికి వెళ్దామని బయల్దేరాం. స్టేషన్ రాగానే ముగ్గురం వెనక తలుపు దగ్గర నిలబడి మీట నొక్కాం. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాం. అద్దంలోంచి ప్లాట్‌ఫారం కనిపిస్తోంది, దాని మీద ఎవరో అప్పుడే పారతో చేసిన సన్నటి దారి కూడా కనిపిస్తోంది. అంతలోనే బండి కదిలిపోయింది. స్టేషన్‌లో సిబ్బంది లేకపోతే మొదటి పెట్టెలో డ్రైవరు పక్కనున్న తలుపు ఒక్కటే తెరుస్తారు. టికెట్ చూపించి అక్కడ్నుంచే దిగాలి. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాతి స్టేషన్‌లో దిగాం. మనిషి లేడు, కొట్టు లేదు. గదంటే నాలుగు కుర్చీలు పట్టే చెక్క గది. గోడ మీద టైంటేబుల్ చూస్తే వెనక్కి వెళ్లే బండి రెండు గంటల ఇరవై నిమిషాల తర్వాత. ఐదు దాటగానే చీకటి పడుతుందక్కడ. మా తమ్ముడి ఫోన్‌లో నలభై శాతం ఛార్జింగ్ చూపిస్తూనే చలికి చప్పున ఆగిపోయింది. ఫోన్లు చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేట్టు పెట్టుకోవాలని ఆ రోజే తెలిసింది. పలాస జీడిపప్పు పొట్లం ఒకటి నా బ్యాగులో ఉంది, ముగ్గురం అదే తింటూ కూర్చున్నాం.

అందుకని బండి ఎక్కగానే ముందు పెట్టెలోకి వెళ్లి కూర్చోండి. దిగే స్టేషన్‌కి ముందు స్టేషన్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. టైంటేబుల్‌ని ఫొటో తీసి, వీలైతే కాగితం మీద కూడా రాసుకోండి. ఆ రోజుకి ఆఖరి బండి ఎప్పుడూ మీ బండి కాకూడదు. దానికి ముందు బండికే తిరిగొచ్చెయ్యండి.

తదమిలో రెండు రాత్రులు

తదమి లైన్ కోయిదె నుంచి ఐజు వాకమత్సు దాకా 135 కిలోమీటర్లు. 2011 జులైలో వానలకి వంతెనలు కొట్టుకుపోతే, పదకొండేళ్లు పట్టి 2022 అక్టోబర్ 1న మళ్లీ పూర్తిగా తెరిచారు. నది పక్కనే, కొండల మధ్య నుంచి వెళ్తుంది. చివరిదాకా వెళ్లే బళ్లు రోజుకి మూడే. కోయిదె, తదమి మధ్య కొండ దాటే రోడ్డుని చలికాలం మూసేస్తారు, అప్పుడు ఆ రెండు ఊళ్లకీ మధ్య ఈ రైలే దిక్కు.

మేం ఐదు రోజుల టికెట్‌లో మూడో రోజు మధ్యాహ్నం కోయిదెలో ఎక్కాం. సొరంగం దాటాక కిటికీ అద్దం పూర్తిగా తెల్లబడిపోయింది. తదమిలో బండి ఆగి, ఎంతకీ కదల్లేదు. స్టేషన్ ఉద్యోగి వచ్చి నెమ్మదిగా రెండు మూడుసార్లు ఒకే మాట చెప్పాడు: ఉన్‌క్యూ. ఆ మాట నేర్చుకోండి, బండి రద్దు అని అర్థం. ముందు దారీ ఆపేశారు, వెనక దారీ ఆపేశారు.

మా తమ్ముడు కుర్రతనంతో "టాక్సీ ఏమైనా దొరుకుద్దేటో చూద్దామే అక్కా" అన్నాడు. వద్దన్నాను. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశాక ఎవరూ పడవ దింపరు. ఆ సముద్రం పక్క జిల్లాల్లో పెరిగిన మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడివాళ్లు ఆగమంటే ఆగిపోవాలి. స్టేషన్ వాళ్లే ఫోన్ చేసి ఒక మిన్‌షుకులో గది చూసిపెట్టారు. మిన్‌షుకు అంటే ఇంటివాళ్లే నడిపే చిన్న బస, రాత్రి, పొద్దున్న భోజనం వాళ్లే పెడతారు.

ఆ ఇంటి పెద్దావిడకి మా అమ్మమ్మ వయసుంటుంది. ఇల్లంతా వెచ్చగా ఉంచే ఏర్పాటు పల్లె ఇళ్లలో ఉండదు. కూర్చున్న గదిలో కిరోసిన్ హీటరు, దుప్పటి కప్పిన పొట్టి బల్ల కింద వేడి, దాన్ని కొటత్సు అంటారు. నడవాలోకి వస్తే నోట్లోంచి పొగే. రాత్రి పడుకునే ముందు బాత్రూంలో కుళాయి సన్నగా, అగ్గిపుల్లంత ధారగా కారుతోంది. కుళాయి కారుతుంటే కట్టెయ్యడం మనకి చిన్నప్పట్నుంచి ఉన్న అలవాటు. మా తమ్ముడు గట్టిగా బిగించి వచ్చి పడుకున్నాడు.

పొద్దున్నే చూస్తే ఇంట్లో ఆ వైపు చుక్క నీరు లేదు. పారే నీరు గడ్డకట్టదని ఆవిడ కావాలనే వదిలి ఉంచింది. మేం కట్టేసరికి గొట్టంలో నీరు గడ్డకట్టేసింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. పాత తువ్వాళ్లు గొట్టానికి చుట్టి, వాటి మీద గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కూర్చుంది. మరిగే నీళ్లు పోస్తే గొట్టం పగులుతుందని చేతులతో చేసి చూపించింది. నేను కెటిల్ అందిస్తూ పక్కనే కూర్చున్నాను. పది గంటలకి గొట్టంలో చిన్న గరగర శబ్దం వచ్చింది, తర్వాత తుప్పు రంగు నీళ్లు, తర్వాత తేటనీరు. ఆవిడ నా వైపు చూసి నవ్వేసరికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

గొల్లపల్లిలో చేసే చిన్న బొమ్మ వీణలు రెండు మాతో తీసుకెళ్లాం. ఒకటి ఆవిడకి ఇచ్చాం. పనస కర్రతో చేస్తారని ఫోన్‌లో పనసకాయ బొమ్మ చూపించాను. ఆవిడ దాన్ని కొటత్సు మీద పెట్టుకుని, గోటితో ఒక్కో తీగా మీటి చూసింది. ఇలాంటి చిన్న వస్తువులు రెండు మూడు పట్టుకెళ్లండి. మాట రాని చోట అవే మాట్లాడతాయి.

ఐదో రోజు పొద్దున్న దారి తెరిచారు. వాకమత్సు కోట చూడకుండానే బళ్లు మారుతూ రాత్రికి టోక్యో చేరాం. ఇప్పుడు లెక్క చెప్తాను. తదమిలో ముగ్గురికి రెండు రాత్రులు, భోజనంతో 51,000 యెన్లు. వాకమత్సులో తిరిగివ్వని పద్ధతిలో ముందే కట్టేసిన మంచాలకి 21,000 యెన్లు. మొత్తం 72,000, మన డబ్బులో నలభై ఒక్క వేలు. ఇంకొక్క రోజు దారి మూసి ఉంటే విమానం టికెట్లు కూడా పోయేవి.

అందుకే చెప్తున్నాను. రద్దు చేస్తే డబ్బు తిరిగిచ్చే బసలే తీసుకోండి, రెండు మూడు వందల యెన్లు ఎక్కువైనా సరే. రైలు టికెట్ గడువు అయ్యాక, విమానానికి ముందు, ఏ పనీ పెట్టుకోకుండా ఒక రోజు పూర్తిగా వదిలెయ్యండి. ఆలస్యమవుతుందని తెలిసిన వెంటనే తర్వాతి బసకి ఫోన్ చెయ్యండి. భోజనం పెట్టే ఇళ్లలో ఆరు గంటలకల్లా మన కోసం వండి ఎదురుచూస్తూ ఉంటారు.

నడకలో జాగ్రత్తలు

తదమిలో ఆగిపోయిన రోజు మా తమ్ముడు ఒక ఇంటి చూరు కింద నిలబడి ఫొటో తీసుకోబోయాడు. ఎదురింటి ముసలాయన పార కింద పడేసి "అబునయ్! అబునయ్!" అని అరుస్తూ వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు. ప్రమాదం అని ఆ మాటకి అర్థం. కాసేపటికి అదే చూరు మీంచి మంచు ఒక్కసారిగా జారి పడింది. చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, బియ్యం బస్తాలు పది ఒకేసారి దింపినట్టు. పైకప్పు మంచు మీద పడి ఏటా అక్కడ మనుషులు చనిపోతుంటారు. చూరు కింద నడవొద్దు, నిలబడొద్దు. రోడ్డు పక్కన చదునుగా కనిపించే మంచు కింద కాలవ ఉండొచ్చు, ఎవరో నడిచిన అడుగుల్లోనే అడుగెయ్యండి. గట్టిపడ్డ మంచు మీద చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనేట్టు. చేతులు జేబులో పెట్టుకోవద్దు.

కైరో అని వేడి పుట్టే చిన్న సంచులు వంద యెన్ల కొట్లలో దొరుకుతాయి. బట్ట మీద అంటించుకోవాలి, ఒంటి మీద కాదు. మా చెల్లి నడుముకి నేరుగా అంటించుకుని నిద్రపోయింది. పొద్దున్నకి బొబ్బ లేచింది, తగ్గడానికి మూడు వారాలు పట్టింది. పెద్ద వేడి తెలియదు కానీ, గంటలకొద్దీ తగిలితే చర్మం కాలుతుంది. దెబ్బ తగిలినా, ఒంట్లో బాగోకపోయినా అంబులెన్స్‌కి 119. ప్రయాణ బీమా లేకుండా బయల్దేరొద్దు.

తిండి, చిల్లర

మాంసం పచ్చళ్లు పట్టుకెళ్లొద్దు, ఏ మాంసమైనా విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఆవకాయ, వేయించిన జీడిపప్పు మాతో వచ్చాయి. చేప తినని వాళ్లకి పల్లెల్లో కష్టం, పులుసు చాలావరకు ఎండు చేప నీళ్లతోనే మొదలవుతుంది. ఉమె అనే పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్దలు మన ఊరగాయ అన్నంలా ఉంటాయి, ఒక్కోటి రెండు వందల యెన్ల లోపే. పల్లె బస్సుల్లో, చిన్న బసల్లో చాలాచోట్ల కార్డులు తీసుకోరు. సెవెన్ ఇలెవన్ కొట్లలో ఉండే ఏటీఎంలో మన కార్డుతో డబ్బు వస్తుంది, పట్నంలో ఉండగానే తీసి పెట్టుకోండి.

బూట్లు

దీన్ని ఆఖర్న రాస్తున్నా, అక్కడికి వెళ్లగానే చెయ్యాల్సిన మొదటి పని ఇదే. విజయనగరంలో 'వాటర్‌ప్రూఫ్' అని చూసి కొన్న బూట్లతో నగఒకలో దిగాం. ఆ ఊళ్లో రోడ్డు మధ్య బారుగా చిన్న చిన్న చిల్లులుంటాయి. వాటిలోంచి భూమిలోని నీటిని పైకి చిమ్మి మంచు కరిగిస్తారు. ఆ నీళ్లలోని ఇనుము వల్ల రోడ్డంతా ఇటుక రంగులోకి మారిపోయి ఉంది. మంచూ నీళ్లూ కలిసి చీలమండ దాకా జావ. స్టేషన్ నుంచి బస దాకా పది నిమిషాల నడక, గుమ్మంలో బూట్లు విప్పేసరికి సాక్సు పిండితే నీళ్లు కారాయి. బస అబ్బాయి పాత న్యూస్‌పేపర్లు తెచ్చి ఉండలు చేసి బూట్ల నిండా కుక్కాడు. రెండు గంటలకోసారి మార్చమన్నాడు, పొద్దున్నకి ముప్పాతిక ఆరాయి.

మర్నాడే మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాం. నగగుత్సు అని అడగాలి, ఇంటి సామాన్లు అమ్మే పెద్ద కొట్లలో రెండు వేల యెన్ల నుంచి ఉంటాయి. సైజు సెంటీమీటర్లలో చెప్తారు, మందపాటి సాక్సు మీద వేసుకు చూసి ఒక సెంటీమీటరు ఎక్కువ తీసుకోండి. కొనే ముందు బసలో ఒకసారి అడగండి, చాలా చోట్ల గుమ్మం దగ్గర అతిథుల కోసం ఉంచుతారు. మా మూడు జతలు, 23, 25, 27, తదమిలో ఆ పెద్దావిడ గుమ్మంలో, మెట్టు పక్కనున్న చెక్క అరలో కడిగి ఆరబెట్టి వదిలి వచ్చాం.